కార్మికులనే కరిచే కుక్క

పశువుల దవాఖానకు ఒక మనిషి తన గాయం చూపించుకోవడానికి రావడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి. ఆమెకు నలభై ఏళ్లుంటాయి. పిక్కకు పాత చీర పేలికతో కట్టు కట్టుకుంది. కట్టు దాటి మడమ దాకా రక్తం ఎండిపోయి ఉంది.

"అక్కా, ఇది పశువుల దవాఖాన. మనుషుల దవాఖాన బస్టాండు దిక్కున్నది" అన్నాను.

"ఆడికెల్లే అస్తున్న డాక్టరమ్మా. బొడ్డు సుట్టూ సూదులు మొదలువెట్టిండ్రు. కుక్క పిచ్చిదో కాదో తెలిస్తే సూదులు ఆపచ్చన్నరు. కుక్కను సూసి చెప్పేది నువ్వేనన్నరు. జర అచ్చి సూడు."

సిరిసిల్ల నా మొదటి పోస్టింగు. మా నాయిన కథలాపూర్ దగ్గర ఒక ఊళ్లో ఈత చెట్లెక్కి కల్లు గీసేవాడు. మా తమ్ముళ్ల చదువుల కోసం అమ్మ కోరుట్లలో అద్దె ఇల్లు తీసుకుని, బీడీలు చేస్తూ ఉండేది. నేను రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి ఉద్యోగంలో చేరితే మా కులపోళ్లంతా పండగ చేసుకున్నారు. ఆడపిల్ల పశువుల డాక్టరేమిటని నవ్వినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి తలచుకుంటే కోపం వస్తుంది గానీ, ఆ కోపం చిన్నది. ఇప్పుడు చెప్పబోయే కోపం వేరు. ఉద్యోగం అయిపోయి జగిత్యాలలో ఇల్లు కట్టుకుని, మనవరాలిని ఎత్తుకుని కూర్చున్న ఈ వయసులో కూడా అది చల్లారలేదు.

గాయంతో వచ్చిన ఆమె కండెలు చుట్టే మనిషి. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. సాంచెల మీద మగవాళ్లు నేస్తుంటే, పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలను ఆడవాళ్లు చుట్టి ఇస్తారు. ఆమె పనిచేసేది ఊళ్లో పేరున్న ఒక సేటు కార్ఖానాకు. కుక్క కూడా ఆయనదే. అంతకు రెండేళ్ల ముందు కూలి పెంచమని కార్మికులు సాంచెలు ఆపి, ఆ సేటు ఇంటి ముందు కూర్చున్నారు. సమ్మె ముగిసిన కొద్దినాళ్లకు ఆయన హైదరాబాదు నుంచి ఒక అల్సేషియన్ కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. అది ఎదిగినప్పటి నుంచి కూలి సంగతి మాట్లాడడానికి ఎవరు గేటు దగ్గరికి వచ్చినా గొలుసు విప్పేవారు.

"మా వాడల శానమందిని కరిసింది డాక్టరమ్మా. ఇంకో ముచ్చట చెప్పాల్నా? గా కుక్క గుమస్తను కరువది. నూలు తెచ్చే లారోళ్లను కరువది. పోలీసోళ్లు అచ్చి చాయ తాగి పోతరు, వాళ్ల దిక్కు సూడనే సూడది. మమ్ములనే కరుస్తది."

"కుక్కకు కార్మికులెవరో ఎట్ల తెలుస్తదక్కా?"

"నాకేం ఎర్క? సదువుకున్నదానివి నువ్వు చెప్పు."

సైకిలు మీద ఆమెను ఎక్కించుకునే ధైర్యం లేక, సైకిలును తోసుకుంటూ ఆమె పక్కనే నడిచి సేటు ఇంటికి పోయాను. ముందు కార్ఖానా, వెనక ఇల్లు. సాంచెల చప్పుడుకు మన మాట మనకే వినపడదు. ఆమె గేటు బయటే ఆగిపోయింది. సేటు తెల్ల ధోవతి, తెల్ల లాల్చీ, చేతికి గడియారం. మర్యాదగా లేచి నిలబడి కుర్చీ వేయించాడు, చాయ తెప్పించాడు.

"కుక్కా? బంగారమసొంటి కుక్క డాక్టరమ్మా. హైదరాబాద్‌ల సూదులన్నీ ఏపిచ్చిన. మీరెందుకు తకలీఫ్ తీసుకుంటరు? వీళ్లది ఊకె లొల్లి. ఇయ్యాల కుక్క అంటరు, రేపు కూలి అంటరు."

"ఒకసారి చూసి పోతనండి. పెద్ద దవాఖాన వాళ్లడిగిండ్రు."

"పడుకున్నది. మళ్లొకసారి రండ్రి."

"పిచ్చిదయితే మీ పిల్లలకే ముందు ప్రమాదం" అన్నాను. ఆ మాటకు ఆయన ముఖం మారింది. లేచి వెనక దొడ్లోకి దారి తీశాడు.

ఒకప్పుడు నూలుకు రంగులేసే గది అది. పైన రేకులు. లోపలికి అడుగుపెట్టకముందే వాసన కొట్టింది. ఉచ్చ వాసన, కుళ్లిన మాంసపు వాసన. నేను గేదెల పుండ్లు చూసినదాన్ని, చచ్చిన దూడలను కడుపులో చేయిపెట్టి తీసినదాన్ని. అయినా గడప దగ్గర ఆగిపోయాను.

లోపల కుక్క పడి ఉంది, దాని ఎముకలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. గొలుసు మెడకు ఎప్పుడో పిల్లగా ఉన్నప్పుడు వేసినట్టుంది. మెడ పెరిగింది గానీ గొలుసు పెరగలేదు. తోలును కోసుకుంటూ లోపలికి దిగిపోయింది, చుట్టూ పురుగులు కదులుతున్నాయి. నడక లేక గోళ్లు వంకర తిరిగి పాదంలోకి గుచ్చుకున్నాయి. పై కోరపళ్లు రెండూ సగానికి విరిగి ఉన్నాయి. గొలుసును కొరికీ కొరికీ విరిగినవి అవి. పక్కటెముకల మీద పాత దెబ్బలు, కొత్త దెబ్బలు ఒకదాని మీద ఒకటి. నీళ్ల గిన్నె లేదు. మే నెల, రేకుల గది, నీళ్ల గిన్నె లేదు.

"ఇదేంది సేటూ?" అన్నాను.

"జాతికుక్క గద. ఎండల తిరిగితే ఖరాబైతదని కట్టేసిన."

"మెడల పురుగులు పడ్డయి, చూడలేదా?"

"కుక్క అన్నంక గజ్జి, పుండ్లు ఉండవా? మీరు మందు రాసియ్యుండ్రి, పెట్టిస్త."

ఆ మాటకు కాదు నాకు ఒళ్లు మండింది. ఆయన దగ్గరికి పోగానే ఆ కుక్క చేసిన పనికి మండింది. లేవలేక లేచి, తోక ఊపుకుంటూ ఆయన చేయి నాకింది. ఏదో బిడ్డను ముద్దు చేసినట్టు ఆయన దాని నెత్తి మీద రెండుసార్లు తట్టాడు.

పది రోజులు దవాఖానలో పెట్టుకుని చూస్తే గానీ పిచ్చిదో కాదో చెప్పలేనన్నాను. అది నిజమే. కానీ అంతకన్నా పెద్ద నిజం, దాన్ని ఆ గదిలో వదిలిపెట్టి నేను బయటికి రాలేను. పిల్లల భయంతో ఆయన ఒప్పుకున్నాడు. గేటు బయట నిలబడిన ఆమె కుక్కను చూడగానే గోడ వెనక్కి తప్పుకుంది.

దవాఖానలో మత్తు ఇచ్చి, గొలుసును తునక తునకగా కత్తిరించి తీశాను. టర్పెంటైన్ పోసి పురుగులను తీయడానికి పొద్దంతా పట్టింది. మా అటెండరు పెద్దమనిషి, దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మత్తు దిగాక అది ఆయన చేయీ కరవలేదు, నా చేయీ కరవలేదు. రెండో రోజుకు గంజి తాగింది. మూడో రోజుకు నేను పోతే తోక ఆడించింది. ఊళ్లనుంచి గేదెలను తోలుకొచ్చే రైతులు దాని పక్కనుంచే నడిచిపోయేవారు. అది కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకునేది.

ఇంత సాధువైన కుక్క ఆమెను ఎందుకు కరిచిందో నాకు అర్థం కాలేదు. నాలుగో రోజు ఆమె పని మధ్యలో లేచి పోయి కట్టు మార్పించుకుని, కుక్క ఎట్లా ఉందో కనుక్కోవడానికి మా దవాఖాన మెట్లెక్కింది. అంతే. నిద్రపోతున్న కుక్క నిద్రలోంచే లేచింది. కట్టేసిన తాడు తెగుతుందేమో అన్నంతగా ఎగిరింది, మెడ గాయం పగిలి రక్తం కారినా ఆగలేదు.

"సూసినవా? నేనేం చేసిన దానికి?" అని ఆమె మెట్ల కింద నిలబడి ఏడ్చింది.

ఆ పొద్దు కుక్క ఏం చేసిందో మనసులో మళ్లీ మళ్లీ నెమరు వేసుకున్నాను. ఆమెను చూడకముందే ముక్కు ఎత్తింది. ఎగరకముందు వెనక్కి జరిగింది, చెవులు పడిపోయాయి, నిలబడిన చోటే ఉచ్చ పోసింది. అది భయం. భయపడ్డాకే మీద పడింది. మర్నాడు ఆమెను ఇంట్లో తలకు పోసుకుని, పెట్టెలోని చీర కట్టుకుని, కార్ఖానా దిక్కు పోకుండా నేరుగా రమ్మన్నాను. వణుక్కుంటూ వచ్చింది. కుక్క ఆమెను చూసి, గాలి వాసన చూసి, తల కింద పెట్టుకుంది. ఒక్క మొరుగు మొరగలేదు.

తర్వాత సాంచె తుడిచే పేలిక ఒకటి తెప్పించాను. నూనె, గంజి, దూది నుసి కలిసిన వాసన అది. సిరిసిల్లలో నేసేవాళ్ల ఒంటికి, బట్టలకు, చివరికి వాళ్ల పిల్లల తలలకు కూడా ఆ వాసనే ఉంటుంది. పేలికను కుక్క ముందు పడేయగానే అది గోడకు అతుక్కుపోయి వణికింది. ఆ తర్వాత ఆ పేలికను ముక్కలు ముక్కలు చేసింది.

ఆమె దూరం నుంచి చూస్తూ నిలబడింది.

"గీ వాసనున్నోడెవడో దీన్ని కొట్టిండక్కా. ఒకనాడు కాదు, రోజూ కొట్టిండు" అన్నాను.

"మా వాసనున్నోడంటే మావోడే గద" అంది ఆమె. అప్పటిదాకా కుక్క మీద ఉన్న కోపం ఆమె గొంతులో ఇంకెక్కడికో తిరగడం నాకు తెలిసింది.

సేటు చుట్టాల పెళ్లికని జగిత్యాల పోయిన రోజు చూసుకుని మళ్లీ ఆ ఇంటికి పోయాను. గేటు దగ్గర కావలి ముసలాయన ఉన్నాడు. ఒకప్పుడు సాంచెలు నడిపినవాడే. నుసి పీల్చీ పీల్చీ దమ్ము రోగం పట్టుకుంటే, పని నుంచి తీసేయకుండా సేటు గేటు దగ్గర కూర్చోబెట్టాడని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు. కుక్కకు మందులు రాయాలి, గది ఒకసారి చూడాలన్నాను. తాళం తీశాడు. అప్పుడు నేను గోడ చూశాను. మొన్న కుక్కను చూసే తొందరలో గోడ చూడలేదు. మేకుకు ఒక అంగీ వేలాడుతోంది. నూనె మరకలతో నల్లబడి ఉంది. ఒక చేయి కుక్క పళ్లకు చినిగి పేలికలయింది. దాని కిందనే వెదురు కట్టె.

"ఇదెవరి అంగి?"

ముసలాయన తాళంచెవిని నడుముకు దోపుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న. ఎవరిది?"

"నాదే డాక్టరమ్మా. సాంచె మీద ఉన్నప్పటిది. ఉతకద్దన్నడు సేటు. అది తొడుక్కొని కొట్టుమన్నడు."

"కుక్కనా?"

"ఆఁ. పొద్దుగాల పొద్దుగాల. కూడు పెట్టక కడుపు మాడ్చి, గప్పుడు కొట్టుమనేటోడు. నేను కొడుతాంటే ఆయన తెల్లబట్టలు కట్టుకొని అచ్చేటోడు. 'అరె, ఎందుకు కొడుతవ్‌రా' అని నన్ను అవతలికి నూకి, దానికి మాంసపు కూర ముక్కలేసేటోడు. రోజూ గిదే ఆట. కొన్నాళ్లకు గా అంగి సూస్తెనే పీకేసేటట్టు తయారయింది. అప్పుడు గేటుకాడ ఇడిసిపెట్టుమన్నడు."

ఇదంతా ఆయన వంట ఎట్లా చేస్తారో చెప్పినట్టు చెప్పాడు. చెబుతూ మధ్యమధ్య దగ్గాడు.

"నీకు మనసెట్లొప్పింది?" అని అరిచాను. "నీతోని కలిసి సాంచెలు నడిపినోళ్ల మీదకు ఇడుస్తరని తెల్వదా? వాళ్ల పెండ్లాలను కరుస్తదని తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

"గీ దమ్ము పెట్టుకొని నేనెక్కడికి పోవాలె తల్లీ? మెల్లగ కొడితే సేటు ఊకునేటోడు కాదు. నా శాతనైన కాడికి నేను మెల్లగనే కొట్టిన."

చాలామంది ఇక్కడ నాకు ఆయన మీద జాలి కలిగిందని చెప్తే సంతోషిస్తారు. కలగలేదు. ఇప్పటికీ పూర్తిగా కలగలేదు. దమ్ముతో దగ్గుతూ ఒక కట్టేసిన ప్రాణిని కొట్టిన చేతులు అవి. అయితే ఆ చేతుల వెనక తెల్ల లాల్చీ వేసుకుని కూర ముక్కలు పట్టుకుని నిలబడినవాడున్నాడే, వాడి ముందు ఈ ముసలాయన ఎంత? ఒక మనిషి ఒంటి వాసనను, చెమటను, వాడు బతికే పనిని, ఆ పని చేసేవాళ్లనే కరవడానికి ఎట్లా వాడుకోవచ్చో కూర్చుని ఆలోచించినవాడు. ఆలోచించి, ఓపికగా నెలల తరబడి చేయించినవాడు.

అంగీ తీసుకుని వచ్చేశాను. ముసలాయన వద్దనలేదు.

సంగతి బయటికి పొక్కింది. రెండు రోజులకు మిట్టమధ్యాహ్నం ఇద్దరు యువకులు ఒక మేకను పట్టుకుని దవాఖానకు వచ్చారు. మేకకు ఏ రోగమూ లేదని చూడగానే తెలిసింది. వాళ్లు అన్నలు, అంటే నక్సలైట్లని కూడా తెలిసింది. ఆ రోజుల్లో తెలియనట్టు ఉండడమే మర్యాద.

"డాక్టరమ్మా, కుక్కను మాకు అప్పజెప్పుండ్రి" అన్నాడు ఒకడు, మెత్తగానే. "కార్మికుల రక్తం తాగిన కుక్క. వాడకట్టు నడుమ జనం ముందట దాని పని పట్టాలె. సేటుకు బుద్ధి వస్తది."

"సేటుకెట్ల బుద్ధి వస్తది? ఇంకో కుక్కను తెచ్చుకుంటడు."

"జనానికి ధైర్యం వస్తదమ్మా."

"కట్టేసిన కుక్కను కొట్టి చంపితే వచ్చే ధైర్యం ఏం ధైర్యం తమ్మీ? దీన్ని కొట్టీ కొట్టీ గిట్ల చేసిండ్రు. ఇగ మీరొచ్చి మిగిలింది కొడ్తరా?" అంగీ తెచ్చి వాళ్ల ముందు పడేశాను, ముసలాయన చెప్పిందంతా చెప్పాను. "చేతనయితే గీ ముచ్చట వాడకట్టుల చెప్పుండ్రి. కుక్క జోలికి రాకుండ్రి."

రెండోవాడు అంగీని చాలాసేపు చూశాడు. మొదటివాడికి నా గొంతు నచ్చలేదు. ఇద్దరూ మేకను తోలుకుని పోయారు. ముచ్చట మాత్రం వాడకట్టులో చెప్పినట్టున్నారు. ఎందుకంటే పది రోజులు నిండి, కుక్క పిచ్చిది కాదని తేలి, ఆమె సూదులు ఆపిన రోజున నేనూ ఆమే ఠాణాకు పోతే, మా వెనక కండెలు చుట్టే ఆడవాళ్లు వచ్చి ఠాణా ముందు కూర్చున్నారు.

ఎస్సై ముందు చెప్పుకున్నాం. కుక్కతో మనుషులను కరిపించినందుకు ఒక కేసు, కుక్కను హింసించినందుకు ఇంకొకటి. రెండోదానికీ చట్టం ఉంది. జరిమానా ఒక చీర ఖరీదు కూడా కాదు, కానీ ఉంది.

ఎస్సై నవ్వాడు. "ఏం డాక్టరమ్మా, దినాం ఇక్కడ మనుషులే సస్తున్నరు. నువ్వు కుక్క కేసు తెచ్చినవా?"

ఆ మాట అప్పటికే నేను అందరి నోటా విన్నాను. మా పై ఆఫీసరు అన్నాడు, పక్కింటి టీచరమ్మ అంది, నా తమ్ముడు అన్నాడు. మనుషుల సంగతి చూసేవాళ్లయితే ఆ మాట అనడానికి వాళ్లకు హక్కుండేది. మనుషుల సంగతీ పట్టక, కుక్క సంగతీ పట్టక, రెండింటినీ తప్పించుకోవడానికి వాడే మాట అది.

"మనుషుల కేసే తీసుకోండి సార్" అన్నాను. ఆమె పిక్క మీది కట్టు విప్పింది. "ఇది మనిషి కాలే."

"నీ దవాఖానకు మేక తోలుకొని ఎవరొచ్చిండ్రో మాకు ఎర్కనే" అన్నాడు ఆయన, నవ్వు ఆపి. అది బెదిరింపే. అయినా కదలలేదు. బయట ఆడవాళ్లు కదలలేదు. వాళ్లను లేపడానికి వేరే దారి లేక ఎస్సై సేటుకు కబురు పంపాడు, కుక్కను కూడా తెమ్మన్నాడు.

అటెండరు కుక్కను తాడుతో పట్టుకొచ్చాడు. మేమంతా ఉతికిన బట్టలతోనే ఉన్నాం, ఆమె అందరికీ చెప్పి తెచ్చింది. సేటు జీపు దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కుక్క ఎవరిదైతే రెండు కేసులకూ వాళ్లే జవాబు చెప్పుకోవాలని నేనన్నాను. సేటు గడియారం చూసుకున్నాడు. తర్వాత చాలా మామూలుగా అన్నాడు.

"గా కుక్క నాది కాదు సార్. ఎటెల్లి వచ్చిందో, గేటుకాడ పడి ఉండేది. పాపమని బుక్కెడన్నం ఏసేటోన్ని."

ఆ గొంతు విన్నది కుక్క. అటెండరు చేతిలోంచి తాడు గుంజుకుని, వంకర పాదాల మీద కుంటుకుంటూ పోయి ఆయన కాళ్ల దగ్గర పడింది. మూలుగుతూ, తోకతో నేలను కొడుతూ, ఆయన చెప్పులు నాకింది. పది రోజులు నేను పురుగులు తీసి, కడిగి, గంజి పోసినా నా దగ్గర ఎన్నడూ అట్లా మూలగలేదు. సేటు కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాడు.

ముందు ఆమే అంది.

"సేటూ, గది నిన్ను గుర్తువట్టింది. నువ్వే దాన్ని గుర్తువడ్తలేవు."

ఎస్సై కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. యజమాని లేని వీధి కుక్క అని.

"అల్సేషియన్ వీధి కుక్క ఎట్లయితది సార్?" అని అరిచాను.

"అయితది డాక్టరమ్మా" అన్నాడు, తలెత్తకుండానే. "రాస్తే అయితది."

ఆ రోజుల్లో ఎన్‌కౌంటర్లలో చంపేసిన మనుషుల గురించి కూడా అట్లాగే రాసేవారు. రాశాక వాళ్లు అదే అయిపోయేవారు. మేం మర్నాడు పేపర్లో చదువుకునేవాళ్లం. నా చేతిలో అంగీ ఉంది. బల్ల మీద పెట్టాను. ఎస్సై దాన్ని పెన్సిలుతో పక్కకు నెట్టి, "ఇది తీసుకపో, వాసనొస్తున్నది" అన్నాడు.

ఓడిపోయాం. కానీ సేటు ఆ ఒక్క మాటతో కుక్కను కూడా పోగొట్టుకున్నాడు. ఎవరిదీ కానిదాన్ని నేను తీసుకుపోతే అడిగేవాడు లేడు. బస్సు కండక్టరు ఎక్కనియ్యలేదు. ముత్యంపేట షుగర్ ఫ్యాక్టరీకి పోయే ఖాళీ లారీ ఒకటి దొరికితే, వెనక దానితోపాటే కూర్చుని కోరుట్ల తీసుకుపోయాను. అమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని మమ్మల్నిద్దర్నీ చూసింది.

"పెండ్లి సంబంధం తెమ్మంటే కుక్కను తెచ్చినవా బిడ్డా?" అంది. కానీ సాయంత్రానికి దానికి జొన్న గట్క కలిపి పెట్టింది, తన చేత్తోనే.

సిరిసిల్లలో నన్ను ఉండనియ్యలేదు. నేను అన్నల మనిషినని ఎవరు రాశారో, ఎక్కడ రాశారో తెలియదు. కోరుట్లలో మా అమ్మ దగ్గరికి మఫ్టీలో ఒకాయన వచ్చి, నీ బిడ్డ దగ్గరికి ఎవరెవరు వస్తరని అడిగి పోయాడు. తర్వాత నన్ను పెగడపల్లికి మార్చారు. పెగడపల్లి మంచి ఊరు, నాకు దాని మీద కోపం లేదు. అక్కడ గేదెలకు సూదులు వేసుకుంటూ, వారానికోసారి కోరుట్ల వచ్చిపోయేదాన్ని. కుక్కకు మెడ మీద వెంట్రుకలు మళ్లీ రాలేదు గానీ, ఒళ్లు పట్టింది. ఎన్నికలప్పుడు తెల్లబట్టల నాయకులు మా గల్లీలోకి వస్తే మాత్రం మేం ఎంత పిలిచినా ఆగేది కాదు, ప్రతివాడి ముందూ పోయి తోక ఊపేది. వాళ్లు మురిసిపోయి దాని తల నిమిరేవారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఎవరికని చెప్పను? మా ఇంట్లోనే ముసలిదై, అమ్మ మంచం కింద పడుకునే చచ్చిపోయింది.

కండెలు చుట్టే ఆమె సంగతే నన్ను ఎక్కువ తొలుస్తుంది. ఠాణా నుంచి వచ్చిన మర్నాడే సేటు ఆమెకు కండెలు ఇవ్వడం ఆపేశాడు. మిగిలిన సేట్లూ ఆపేశారు. కార్మిక సంఘం వాళ్లను అడిగితే, పెద్ద పోరాటంలో ఉన్నాం, ఇది తర్వాత చూద్దామన్నారు. ఎవరూ చూడలేదు. ఆమె మొగుడు ముందుగా బొంబాయి పక్కన భీవండి పోయి అక్కడ సాంచెల మీద చేరాడు. కొన్నాళ్లకు ఆమె కూడా బయలుదేరింది. బొంబాయి బస్సు కోరుట్లలోనే ఎక్కాలని ముందురోజే వచ్చి మా ఇంట్లో దిగింది.

వాకిట్లోకి వచ్చేముందు ఆమె తన కొంగు వాసన తానే చూసుకుంది. కుక్క వచ్చి ఆమె చుట్టూ తిరిగి, పిక్క మీది మచ్చను వాసన చూసి, పక్కన పడుకుంది. ఆమె దాన్ని ముట్టలేదు.

"గిప్పుడు మంచిగున్నది గద" అంది.

"మంచిగున్నదక్కా."

"నీకు నౌకరి ఉన్నది, దీనికి ఇల్లు దొరికింది. నాకే ఊరు పోయింది." ఆమె నన్ను తప్పుపట్టడం లేదు. లెక్క చెబుతోంది.

మర్నాడు బస్టాండులో సంచులు పైకి వేయించి, కిటికీ దగ్గర కూర్చున్నాక, కిందికి వంగి నా చేయి పట్టుకుంది.

"ఒకటి అడుగుత డాక్టరమ్మా. నువ్వు సదువుకున్నదానివి. ఠాణల వాడు నాది కాదన్నప్పుడు, అందరం సూస్తిమి గద. పోలీసోళ్లు సూసిరి, నువ్వు సూస్తివి, మేం సూస్తిమి. మరి గంతమంది సూసినంక కూడ అది అబద్ధం ఎందుకు కాలేదు?"

కండక్టరు బెల్లు కొట్టాడు. ఆమె నా జవాబు కోసం కిటికీలోంచి చూస్తూనే ఉంది, బస్సు బస్టాండు దాటే దాకా.